డబ్బా మీద ఉన్నది మేం ముందే చదివాం

 పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది. ఈసారి ఎండాకాలం సెలవుల్లో సిటీలో పనికి పోదామనుకునేవాళ్లు మాత్రం ఆఖరి దాకా చదవండి. మేం చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది. దాచకుండా రాస్తున్నాం.

మేము ముగ్గురం. ఒకే హాస్టల్, ఒకే గది, బీఎస్సీ రెండో సంవత్సరం. ముగ్గురికీ ఇరవై ఏళ్లే. ఇద్దరం భద్రాచలం వైపు కోయవాళ్లం, ఒకరం ఉట్నూరు వైపు గోండు. మా మూడు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పరీక్షలు అయిపోగానే హాస్టల్ మూసేస్తరు. ఊరికి పోతే తునికాకు సీజన్, లేకపోతే ఉపాధి పని. పోయినేడు అదే చేశాం. ఈసారి పరీక్ష ఫీజులు, వచ్చే ఏడాది సీపీగెట్ ఫీజు, ముగ్గురం కలిసి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కోవాలని లెక్క వేసుకున్నాం. మా సీనియర్ ఒకన్న జీడిమెట్లలో ఒక షెడ్డులో మాట్లాడి పెట్టాడు. రోజుకు నాలుగు వందల యాభై. షాపూర్ నగర్‌లో ఒక గది తీసుకొని ముగ్గురం ఉన్నాం.

జీడిమెట్ల అంటే తెలియనివాళ్లకు చెప్తున్నాం. హైటెక్ సిటీ అనగానే మనకు అద్దాల బిల్డింగులు గుర్తొస్తయి. అదే సిటీలో ఇంకో మూల మందుల కంపెనీలు, లేతు మిషన్లు, వెల్డింగ్ షెడ్లు, ప్లాస్టిక్ యూనిట్లు వరసగా ఉండే ఇండస్ట్రియల్ ఏరియా ఇది. పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ డబ్బాలు పట్టుకొని నడిచేవాళ్లతో రోడ్లు నిండిపోతయి. తెలుగు, హిందీ, ఒడియా, భోజ్‌పురి అన్నీ ఒకేసారి వినబడతయి.

మేం చేరిన షెడ్డులో అల్యూమినియం పని. కిటికీ ఫ్రేములు, ట్యాంకులు, గ్రిల్లులు. ఆ ఎండాకాలం మాత్రం వేరే పని వచ్చింది. చెరువుల్లో జనాన్ని తిప్పే బోట్ల కింది గొట్టాలు. వాటిని పాంటూన్లు అంటరు. బల్లపరుపుగా ఒక డెక్కు, దాని కింద రెండు, కొన్నిటికి మూడు, పొడుగాటి అల్యూమినియం గొట్టాలు. రెండు చివర్లూ మూసేసి ఉంటయి. లోపలి గాలి వల్లనే బోటు మొత్తం తేలుతది. మంచి గొట్టమైతే లోపల అడ్డగోడలు పెట్టి గదులు గదులుగా చేస్తరు. ఒక చోట చిల్లు పడ్డా నీళ్లు మిగతా గదుల్లోకి పోవు. ఆరు గొట్టాలు లారీలో వచ్చినయి. కడిగి, పాలిష్ పట్టి, అద్దంలా చేసి ఇవ్వాలి. అదీ మా పని.

మా ఇళ్లలో అల్యూమినియం అని ఎవరూ అనరు. సిల్వర్ గిన్నె, సిల్వర్ గంజు, సిల్వర్ బిందె. అమ్మవాళ్లు చింతపండు, బూడిద పెట్టి తోముతరు. మేం కూడా అట్లనే అనుకున్నాం, పెద్ద గంజు తోమడమే కదా అని. కాదని మొదటి రోజే తెలిసింది.

గొట్టాలకు నీటి గీత దాకా ఆకుపచ్చ పాచి, దాని కింద జిగట, ఇంకా కింద తెల్లటి పొక్కుల్లాంటి పొర. చెరువు నీళ్ల వాసన ఎట్లుంటదో సిటీలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు ప్రెషర్ పైపుతో కొట్టాలి. ఎండిన పాచిని చెక్క పలకతోనో, ప్లాస్టిక్ పలకతోనో గీకాలి. తర్వాత సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్. మాలో ఒకరం తొందరగా అయిపోతదని ఇనుప తీగల బ్రష్ తీసుకుంటే, అక్కడి వెల్డింగ్ మేస్త్రీ దూరం నుంచే కేక వేశాడు. "అది ముట్టకు తమ్మీ. ఇనుము ముక్కలు దీంట్లో దిగబడితే తుప్పు మరకలు పడతయ్, అక్కడే గుంటలు తింటది" అన్నాడు. రెండు వేరే లోహాలు తడిలో కలిసి ఉంటే ఒకటి రెండోదాన్ని తింటదని మేం కెమిస్ట్రీలో చదివిందే. పరీక్షలో రాశాం కూడా. చేతిలో బ్రష్ పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

కడగడం ఎందుకో కూడా ఆ మేస్త్రీనే చెప్పాడు. మెరుపు కోసం కాదట, చూడటం కోసమట. పాచి పోతేనే వెల్డింగ్ అతుకు కనబడతది. రెండో రోజు మూడో గొట్టం కడుగుతుంటే అతుకు పక్కన వెంట్రుకంత నల్ల గీత మాకు కనబడ్డది. తుడిచినా పోలేదు. మేస్త్రీకి చూపించాం. ఆయన గొట్టంలోకి చాలా తక్కువ ప్రెషర్‌తో గాలి పెట్టి, గీత మీద సబ్బు నురగ పూశాడు. బుడగలు వచ్చినయి. పగులు ఉన్నట్టే. "మంచిగ చూసిన్రు. దీని మీద పిల్లలు కూసుంటరు" అని మా వీపు తట్టాడు.

ఆ మాటకు మాకు కచ్చులూరు గుర్తొచ్చింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు పోతున్న బోటు గోదావరిలో మునిగినప్పుడు మేం ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుంటున్నాం. ముందుగా పడవలేసుకొని పోయి నీళ్లలో ఉన్నవాళ్లను బయటికి లాగింది ఆ ఒడ్డు ఊళ్లవాళ్లే. బోటు అంటే మా వైపు సరదా కాదు. ఇంజన్‌తో నడిచే బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్ ఉండాలని 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. కాగితం సంగతి అట్లుంచితే, పగులు ముందు కనబడేది కడిగేవాడికే. ఆ రాత్రి గదికి పోతూ ముగ్గురం చాలా గర్వంగా ఉన్నాం. చదువుకున్నోళ్లం, కనిపెట్టినం అనుకున్నాం.

మూడో రోజు ఇంకో సంగతి జరిగింది. దాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సబ్బుతో పోని తెల్ల పొరకు ఒక మందు కొడతరు. షెడ్డులో దాన్ని 'బ్రైట్నర్' అంటరు. పెద్ద క్యాన్‌లో వస్తది. దాన్ని పాత ఫినాయిల్ బాటిళ్లలో పోసి, నీళ్లు కలిపి, స్ప్రే చేసి, రెండు మూడు నిమిషాలకు కడిగేస్తరు. కింది నుంచి పైకి కొట్టాలి, ఎండలో కొట్టొద్దు, ఆరనివ్వొద్దు. కొట్టంగనే బూడిద రంగు పోయి తెల్లగా మెరుస్తది. చూడటానికి భలే ఉంటది. మేం క్యాన్ మోసుకొస్తూ దాని మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు చదివాం. పుర్రె బొమ్మ ఉంది. కింద హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ అని ఉంది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ల్యాబ్‌లో సార్ చెప్పింది గుర్తుంది. ఆ ఆసిడ్ గాజును కూడా తింటది, అందుకే గాజు సీసాలో పెట్టరు. చర్మం మీద పడితే వెంటనే మంట రాకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా పోతది.

మాలో ఒకరం మెల్లగా, "చెప్దామా?" అని అడిగాం. ఇంకొకరం, "వచ్చి మూడు రోజులే. సీనియర్ అన్న మాట మీద తీసుకున్నరు. మనకు స్ప్రే పని ఇస్తలేరు కదా" అన్నాం. నిజమే, స్ప్రే పని మాది కాదు. ఇద్దరు పాతవాళ్లది. మేం ఊరుకున్నాం. పగులు గురించి చెప్తే వీపు తట్టిన్రు. దీని గురించి చెప్తే పని పోవచ్చు. అదీ తేడా.

స్ప్రే కొట్టే ఇద్దరిలో ఒకాయన ఒడిశా కొరాపుట్ జిల్లా ఆదివాసీ. నలభై ఏళ్లుంటయి. మేం ఆయన్ను అన్నా అనే పిలిచేవాళ్లం. ఆయన తెలుగు సగం, హిందీ సగం, మధ్యలో వాళ్ల దేశియా మాటలు. మేం ఎవరమో తెలిసినప్పటి నుంచి మధ్యాహ్నం మా పక్కనే కూర్చునేవాడు. నీళ్లను మా భాషలో ఏమంటామని అడిగాడు. కోయలో, గోండిలో దాదాపు ఒకటే మాట, ఏరు, ఏర్. ఆయన వాళ్ల మాట చెప్పాడు. అట్ల పూటకొక మాట నేర్చుకున్నాం.

ఒకరోజు పాలిష్ పట్టిన గొట్టం మీద అరచెయ్యి పెట్టి, "ఇది మా కొండ" అన్నాడు. మాకు మొదట అర్థం కాలేదు. వాళ్ల ఊరు దమన్‌జోడి దగ్గర. అక్కడి పంచపట్మాలి కొండ మీది నుంచి నాల్కో కంపెనీ బాక్సైట్ తవ్వుతది. ఎర్ర మట్టిలాంటి ఆ రాయి నుంచి అల్యూమినా, అల్యూమినా నుంచి కరెంటు పెట్టి అల్యూమినియం. సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వితే ఒక టన్ను లోహం. మన వైపు అదే రాయి అరకు, చింతపల్లి కొండల్లో ఉంది. గ్రూపులో పెద్దవాళ్లకు తెలుసు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదని తీర్పు ఇచ్చింది. 2015లో చింతపల్లి, జెర్రెల బాక్సైట్ కోసం జీవో 97 వస్తే అక్కడి జనం ఊరూరా ఎదిరించారు. 2019లో అది రద్దయింది. మీటింగుల్లో మేం ఈ సంగతులు చాలాసార్లు విన్నాం. అల్యూమినియం ధూళి ముక్కులో పెట్టుకొని వినడం అదే మొదలు.

ఇక పాలిష్ సంగతి. నాలుగు వందల నంబర్ గీకుడు కాగితంతో మొదలుపెట్టి ఆరు వందలు, ఎనిమిది వందలు, వెయ్యి దాకా పోవాలి. తర్వాత మిషన్‌కు బట్ట చక్రం పెట్టి, పాలిష్ కడ్డీ రుద్ది, మెల్లగా నడిపించాలి. ఒకేచోట ఆపితే వేడెక్కి మచ్చ పడతది. చేతులు, బట్టలు, చెవులు అన్నీ నల్లగా అయితయి. తెల్ల లోహం నుంచి అంత నల్లటి మురికి ఎట్ల వస్తదో అని మొదటి వారం అంతా నవ్వుకున్నాం. ఆఖర్న మెత్తటి బట్టతో తుడిచి పైన మైనం పూత. అప్పుడు మన మొహం దాంట్లో కనబడతది.

మేస్త్రీ ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ మెరుపు బోటుకు అవసరం లేదట. అల్యూమినియం గాలి తగలంగనే తన మీద తానే కంటికి కనబడనంత పల్చటి పొర వేసుకుంటది. దాన్ని కాపాడేది ఆ పొరే. సముద్రంలో పని చేసే అల్యూమినియం బోట్లు చాలా వరకు రంగు, పాలిష్ లేకుండా బూడిద రంగులోనే తిరుగుతయట. పాచి కడగాలి, అతుకులు చూడాలి, గుంటలు చూడాలి. అంతవరకే బోటుకు కావలసింది. అద్దంలా మెరవాలన్నది టికెట్ కొనేవాళ్ల కంటి కోసం. బ్రైట్నర్ కూడా ఆ మెరుపు తొందరగా రావడం కోసమే.

ఒక శనివారం, సోమవారం లారీ వస్తుందని తొందర పెట్టారు. కొరాపుట్ అన్న గ్లవ్స్ నడిమి వేలు దగ్గర చిరిగినయి. వేరేవి లేవు. మధ్యాహ్నం మూడింటి దాకా అట్లనే కొట్టాడు. సాయంత్రం మాతో టీ తాగాడు. ఏమీ లేదు. రాత్రి తొమ్మిదింటికి మా గదికి వచ్చి తలుపు కొట్టాడు. చెయ్యి పట్టుకొని ఉన్నాడు. పైకి పుండు లేదు, బొబ్బ లేదు, వేలి కొన కొంచెం తెల్లగా ఉంది అంతే. కానీ మనిషి నిలబడలేకపోతున్నాడు. గల్లీలో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే మిషన్ పట్టి పట్టి నరం పట్టేసిందని నొప్పి సూది వేశాడు. అది ఏం పని చేయలేదు.

అప్పుడు మాకు తెలుసు. ముగ్గురికీ తెలుసు. ల్యాబ్‌లో సార్ చెప్పిన ప్రతి మాటా ఆయన చేతి మీద కనబడుతోంది.

ఒకరం ఆయన చేతిని నల్లా కింద పెట్టించి పట్టుకున్నాం. ఒకరం షెడ్డుకు ఉరికి, వాచ్‌మన్‌ను బతిమాలి, క్యాన్ మీది లేబుల్ ఫోటో తీసుకొచ్చాం. ఆటోలో పెద్దాసుపత్రికి పోయాం. డ్యూటీ డాక్టర్ మొదట చెయ్యి చూసి పెద్దగా పట్టించుకోలేదు. ఫోటో చూపించి, హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ సార్ అన్నాం. ఆయన మొహం మారింది. వెంటనే కాల్షియం గ్లూకోనేట్ తెప్పించి జెల్‌లా కలిపి వేలికి రుద్దించారు, తర్వాత సూది కూడా వేశారు. రక్తం పరీక్ష, ఈసీజీ తీశారు. ఈ ఆసిడ్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటదట, ఎక్కువైతే గుండె మీద కూడా పడతదట. "ఎప్పుడు తగిలింది?" అని అడిగారు. మధ్యాహ్నం అన్నాం. "ఇందులో ఏముందో మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాళ్లమో మాకు తెలియదు.

వేలు దక్కింది. గోరు ఊడిపోయింది. కొన దగ్గర ఇప్పటికీ స్పర్శ లేదని పోయిన నెల ఫోన్‌లో చెప్పాడు.

సోమవారం మేం సేటు దగ్గరికి పోయాం. ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడి ఎవరు ముందు మాట్లాడాలో తెలియక ఒకరినొకరు నెట్టుకున్నాం. ఆఖరికి చెప్పాం. "ఇన్నేండ్ల నుంచి కొడుతున్నరు, ఎవరికేమైంది? చదువుకున్న పోరగాళ్లను తెచ్చుకుంటే ఇదే లొల్లి" అన్నాడు. మేం గొడవ పెట్టుకోలేదు. లేబుల్ మీద ఉన్న ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించాం. మేస్త్రీ వచ్చి మా పక్కన నిలబడ్డాడు. ఆయన నిలబడకపోతే మమ్మల్ని ఆ రోజే పంపించేసేవాళ్లు. సాయంత్రానికి మోచేతి దాకా వచ్చే మందం గ్లవ్స్, కళ్లద్దాలు, ఒక మందు ట్యూబు వచ్చినయి. మిగిలిన గొట్టాలకు నిమ్మ ఉప్పు నీళ్లు కొట్టి, చేత్తో ఎక్కువసేపు రుద్దాం. అంత తెల్లగా రాలేదు. నాలుగు రోజులు ఎక్కువ పట్టింది. ఆసుపత్రిలో ఉన్న రోజు కూలి మాకు కోశారు. బోట్ల ఓనర్ వచ్చి చూసి, బాగానే ఉందని తీసుకుపోయాడు. తేడా ఆయనకు కనబడనే లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మేం ఉత్సాహంగా క్యాన్ మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో తెలుగులో 'ప్రమాదం, ముట్టొద్దు' అని రాశాం. కొరాపుట్ అన్న చూసి నవ్వాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఒడియా కూడా రాదు. అప్పుడు మేస్త్రీ ఎర్ర పెయింట్ తెచ్చి క్యాన్ చుట్టూ పట్టీ వేశాడు. ఎర్ర పట్టీ ఉన్నది వేరే సీసాల్లో పోయొద్దని అందరికీ నోటితో చెప్పాడు. మా రాత కన్నా అది పని చేసింది.

నలభై రోజులు చేసి, గది కిరాయి, తిండి పోను మిగిలినవి తెచ్చుకున్నాం. ఫీజులు కట్టాం. ల్యాప్‌టాప్ ఇంకా కొనలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఇట్లాంటి షెడ్లకు పోతే ఇవి గుర్తు పెట్టుకోండి. పేరు లేని సీసాలో ఉన్నదాన్ని ముట్టొద్దు, అసలు క్యాన్ ఎక్కడుందో అడగండి. లేబుల్ ఫోటో మొదటి రోజే తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఈ ఆసిడ్ పడిందని అనుమానం వచ్చినా నొప్పి కోసం ఆగొద్దు, ధారగా నీళ్లు పోసి ఆసుపత్రికి పోండి, పేరు చెప్పండి. చిరిగిన గ్లవ్స్ లేని గ్లవ్స్ కన్నా చెడ్డవి, లోపలికి దిగింది బయటికి పోదు. అల్యూమినియం పొడి కుప్పగా పడి ఉన్నచోట ఇనుము గ్రైండింగ్ చేయనివ్వొద్దు. నిప్పు రవ్వ పడితే అంటుకుంటది. అంటుకున్న పొడి మీద నీళ్లు పోయొద్దు, పొడి ఇసుక వేయాలి. ముక్కుకు గుడ్డ కాదు, మాస్క్ కావాలి.

మా ఊళ్లలో ఎవరికన్నా ఉత్తరం వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా చదివి పెట్టమని మా దగ్గరికే తెస్తరు. చదివి చెప్తాం. అది మనకు చిన్నప్పటి నుంచి అలవాటే. జీడిమెట్లలో ఎవరూ తెచ్చి అడగలేదు కాబట్టి మేం పన్నెండు రోజులు చదివి కూడా చెప్పలేదు. అడగకపోయినా చెప్పాల్సిందని ఇప్పుడు అనుకుంటున్నాం. కొరాపుట్ అన్నకు ఈ విషయం ఇంకా చెప్పలేదు. వచ్చే నెల ఆయన మళ్లీ సిటీకి వస్తున్నాడట. కలిసినప్పుడు ముగ్గురం కలిసి చెప్పాలని అనుకున్నాం.

పోస్టులో ఏమన్నా తప్పులుంటే కామెంట్‌లో చెప్పండి, సరిచేస్తాం. జోహార్.